అంగీ మాటున ఆయుధము

అమెరికా దేశమున కొందఱు గృహస్థులు ఉదయమున ఇల్లు వెడలుటకు ముందు చేయు పనులలో మనకు వింతగా తోచునది యొకటి కలదు. చొక్కా తొడిగికొందురు. చేతిరుమాలు, డబ్బుసంచి, తాళపుచెవులు జేబులలో సర్దుకొందురు. నడుమునకు దళసరి తోలుపట్టీ బిగించి, దాని లోపలివైపున తగిలించిన ఒరలో చిన్న పిస్తోలు నొకదానిని దిగవిడుతురు. దానిమీదికి అంగీని జార్చి, అద్దము ముందు ఒకమారు ప్రక్కకు తిరిగి చూచుకొందురు. ఉబ్బు కనబడకున్నచో వీధిలోనికి నడతురు. వీరు సైనికులు కారు, పోలీసులు కారు. బడిపంతుళ్లు, నర్సులు, వడ్రంగులు, బ్యాంకు గుమాస్తాలు, పింఛను పుచ్చుకొను వృద్ధులు. స్త్రీలును వీరిలో పెక్కుమంది కలరు.

మొదటి దినమున మాత్రము ఆ నడక సులభము కాదు. ఆ పిస్తోలు బరువు అరకిలోకు అటునిటుగా మొదలై కిలోలోపే యుండును. అయినను ఆ దినమున అది మణుగు తూగును. కారులో కూర్చున్నచో డొక్కలో గుచ్చుకొనును. అంగడిలో క్రింది అరనున్న వస్తువునకై వంగినచో, వెనుక అంగీ పైకి లేచినదేమో యని చేయి తనంతట తానే నడుమువైపు పోవును. ఎదురుపడిన ప్రతి మనుష్యుడును తన నడుమునే చూచుచున్నట్లు తోచును. మిత్రుడు కౌగిలించుకొన వచ్చినచో మోచేతిని అడ్డము పెట్టవలసివచ్చును. నిజమునకు ఎవ్వరును చూచుట లేదు. ఎవరి తొందర వారిది. ఈ సంగతి మనస్సునకు ఎక్కుటకు వారము పట్టవచ్చును, నెల పట్టవచ్చును. ఎక్కిన పిమ్మట చేయి నడుమువైపు పోవుట మానును. మఱి కొన్నాళ్లకు, పిస్తోలు లేనిదినమున ఏదియో మఱచి వచ్చినట్లుండును.

దీనినే అచ్చటివారు అలవాటుపడుట యందురు. కొన్నాళ్లు ధరించినచో అదే అలవాటగునని పాతవారు క్రొత్తవారికి ధైర్యము చెప్పుదురు. ఆ మాట సత్యమే. కాని అలవాటు అను పదములో రెండర్థము లిమిడి యున్నవి. శరీరము ఒక బరువును మోయ నేర్చుట యొకటి. మనస్సు ఆ బరువును మఱచుట మఱియొకటి. మొదటిది నేర్పు, రెండవది ఏమఱుపాటు. పైకి చూచుటకు రెండును ఒక్క తీరుననే యుండును. ఆయుధము ధరించువాని బ్రదుకును, వాని కెదురుపడువారి బ్రదుకును ఈ రెంటి నడుమనున్న భేదము మీదనే ఆధారపడి యున్నవి.

దాచుట దోషమైన కాలము

నేటి అమెరికాలో ఆయుధమును దాచి ధరించుటయే మర్యాదయని పలువురి యభిప్రాయము. పదిమందికి కనబడునట్లు ధరించినచో ఎదుటివారు బెదరుదురు. రెండువందల యేండ్ల క్రిందట ఈ వరుస తలక్రిందులుగా నుండెను. ప్రజలు ఆయుధములను కలిగియుండుటకును, ధరించుటకును గల హక్కునకు భంగము కలిగింపరాదని 1791లో ఆమోదింపబడిన రాజ్యాంగపు రెండవ సవరణ శాసించినది. అయినను 1813లోనే కెంటకీ, లూసియానా రాష్ట్రములు ఆయుధములను దాచి ధరించుటను నిషేధించినవి. పిమ్మట దక్షిణాది రాష్ట్రములు మఱికొన్నియు ఆ దారినే పట్టినవి. నిజాయితీ గలవాడు తన ఆయుధమును ఎల్లరకు కనబడనిచ్చును. చాటున దాచువాడు హంతకుడో, జూదరియో, పిఱికివాడో కావలయునని నాటివారి తలంపు.

ఆ తలంపునకు బలము చేకూర్చిన ఘటనలు చరిత్రలో లేకపోలేదు. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టను నగరపు నాటకశాలలో అబ్రహాం లింకనును బలిగొన్నది అరచేతిలో నిమిడెడి పిస్తోలే. ఫిలడెల్ఫియాలో తుపాకులు చేసిన హెన్రీ డెరింజరు పేరున ప్రసిద్ధికెక్కిన పిస్తోలది. 1911లో న్యూయార్కు రాష్ట్రము సల్లివను చట్టమును చేసి, దాచుటకు వీలైన చిన్న తుపాకులకు అనుమతిపత్రము తప్పనిసరి యనెను. ఆ పత్రము నిచ్చుటయు, మానుటయు చాలచోట్ల అధికారి చిత్తమునకు లోబడియుండెను. పలుకుబడి గలవానికి పత్రము దొరకెడిది. లేనివానికి దొరకెడిది కాదు.

1987లో ఫ్లోరిడా రాష్ట్రము చేసిన చట్టముతో గాలి మఱలినది. వయస్సు, శిక్షణ, నేరచరిత్ర లేకుండుట మొదలగు నియమములకు సరిపడిన ప్రతివానికిని పత్రము నీయవలసినదే. అధికారి ఇష్టాయిష్టములతో పనిలేదు. ఒక్కొక్క రాష్ట్రమే ఆ వెంట నడచినది. దాచి ధరించుటకు ఏ వీలును కల్పింపక చివరివఱకు నిలిచిన ఇల్లినాయి రాష్ట్రము కూడ న్యాయస్థానపు తీర్పునకు లోబడి 2013లో చట్టము చేసినది. పత్రము కోరువాడు తనకు ప్రత్యేకమైన అవసరము కలదని నిరూపింపవలెనను న్యూయార్కు నియమమును దేశపు సుప్రీంకోర్టు 2022 జూనులో కొట్టివేసినది. 2024 నాటికి, అసలు పత్రమే అక్కఱలేకుండ అర్హులైన పెద్దలు ఆయుధమును దాచి ధరింపవచ్చునన్న రాష్ట్రములు 29 అయినవి. ఆ రాష్ట్రములలో పత్రము కొఱకు నేర్వవలసిన పాఠము కూడ నిర్బంధము కాదు. పిస్తోలు కొన్నవాడు తనకు తానే గురువు, తానే పరీక్షకుడు.

కారులో మిగిలిన తుపాకి

ఈ మార్పు వెనుక వర్తకుల లాభాపేక్షయు, రాజకీయపు లెక్కలును లేవని చెప్పరాదు. కాని వానితోనే సర్వమును వివరింప బూనుట న్యాయము కాదు. ఇతరుల మనస్సు తెలియవలెనన్నచో వారి దుఃఖమును ముందు వినవలెను.

1991 అక్టోబరు 16వ తేదీ. టెక్సాసు రాష్ట్రమున కిలీను పట్టణమున లూబీసు అను భోజనశాల. మధ్యాహ్న భోజనవేళ. ఒకడు తన బండిని గాజుగోడను పగులగొట్టి లోనికి తోలి, దిగి, భోజనము చేయుచున్నవారిని వరుసగా కాల్చ మొదలిడెను. ఆనాడు ఇరువదిముగ్గురు మరణించిరి. తల్లిదండ్రులతో కలసి అచ్చట భోజనము చేయుచున్న సుజానా గ్రేషియా అను యువతి బల్లను అడ్డము పెట్టుకొని, తన చేతిసంచి వైపు చేయి చాచెను. అప్పుడు ఆమెకు జ్ఞప్తికి వచ్చినది: రివాల్వరు సంచిలో లేదు, బయట నిలిపిన కారులో నున్నది. దానిని దాచి వెంట గొనిపోవుట నాటి టెక్సాసు చట్టము ననుసరించి నేరము. పట్టుబడినచో తన వైద్యవృత్తికి ముప్పు వచ్చునని ఆమె కొన్ని నెలల క్రిందటనే దానిని సంచిలోనుండి తీసివేసెను. తండ్రి ఆ దుండగీని పట్టుకొనుటకు ఉత్త చేతులతో ముందునకు దూకి గుండు తగిలి కూలెను. ఎవరో పగులగొట్టిన కిటికీలోనుండి కుమార్తె బయటపడెను. తల్లి వెంట వచ్చుచున్నదనుకొనెను. తల్లి రాలేదు, నేలబడియున్న భర్తకడకు పోయి, ఆయన ప్రక్కనే ప్రాణము విడిచెను.

పిమ్మట సుజానా గ్రేషియా హప్పు పేరున ఆమె పెక్కు రాష్ట్రముల శాసనసభాసంఘముల ఎదుట ఈ కథను చెప్పెను. 1995లో టెక్సాసు చట్టము మాఱెను. మఱుసటి యేట ఆమె ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. ఆనాడు రివాల్వరు సంచిలో నుండినచో ఏమి జరిగియుండెడిదో చెప్పగలవారు లేరు. గుఱి తప్పియుండవచ్చును, మఱియొకరికి తగిలియుండవచ్చును, ఇరువదిమంది బ్రదికియుండవచ్చును. కాని తన తండ్రి ఉత్తచేతులతో దూకుటను కన్నులార చూచిన కుమార్తె ఆయుధమును కోరినచో, ఆమెను హేళన చేయుటకు ఎవరికిని నోరు రాదు. ఆత్మరక్షణము కోరుట సహజము. ఆ కోరిక న్యాయమైనదా యనునది ప్రశ్న కాదు. ఆ కోరికను నడుమున కట్టుకొని దినదినము తిరుగువాడు ఎట్టివాడు కావలెననునదే ప్రశ్న.

ఒరలోని విద్య

ఆయుధమును ధరించుటయు ఒక విద్యయే. దాని మొదటి పాఠము పిస్తోలును గూర్చినది కాదు, ఒరను గూర్చినది. మంచి ఒర మూడు పనులు చేయవలెను. ఎంత కదలినను పిస్తోలు జారకుండ పట్టియుంచవలెను. కావలసినప్పుడు చేతికి ఒక్క తీరున అందీయవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, మీటను పూర్తిగా కప్పియుంచవలెను. తనంతట తాను ప్రేలిన పిస్తోలని చెప్పుకొను కథలలో పెక్కింటియందు మీటను నొక్కినది వ్రేలో, ఒరలోనికి చిక్కిన చొక్కా అంచో అయియుండును. కావున పిస్తోలును ఒరనుండి తీయుటలో వేగము చూపినను, తిరిగి ఒరలో నుంచునప్పుడు మాత్రము తొందర పనికిరాదని గురువులు పదేపదే చెప్పుదురు.

క్రొత్తవానికి అన్నింటికంటె భయము గొల్పునది గొట్టములో గుండు నుంచుకొని తిరుగుట. నడుచునప్పుడు ప్రేలునేమో యని గుండె కొట్టుకొనును. అట్టివారికి గురువులు చెప్పు చికిత్స సరళమైనది. గుండ్లన్నియు తీసివేసి, ఖాళీ పిస్తోలును ఒరలో నుంచుకొని కొన్నాళ్లు ఇంటిలోనే తిరుగుము. వంగుము, లెమ్ము, మెట్లెక్కుము. సాయంకాలమున తీసి చూడుము. మీట కదలియుండదు. అట్లు చూచి చూచి యంత్రముపై నమ్మకము కుదురును. తన చేతిపై నమ్మకము మాత్రము అంత సులువుగా కుదురదు. దానికై ఖాళీ ఆయుధముతో వందలమార్లు తీయుట, నిలుపుట, మరల ఉంచుట అభ్యసింపవలెను.

ఈ విద్యకు నేటి రూపము నిచ్చినవారిలో జెఫ్ కూపరు ప్రముఖుడు. మెరైను దళపు అధికారిగా యుద్ధములు చూచి, చరిత్ర చదివి, 1976లో అరిజోనా ఎడారిలో పిస్తోలు పాఠశాలను స్థాపించిన ఈయన 2006లో మరణించెను. ఈయన స్థిరపఱచిన నాలుగు నియమములు ఆ దేశమున ఎక్కాలవలె వల్లింపబడుచున్నవి. ఏ తుపాకియైనను నిండియున్నదనియే యెంచుము. నశింపజేయ దలపని దేనివైపునను గొట్టమును త్రిప్పకుము. గుఱి కుదురువఱకు మీటపై వ్రేలు పెట్టకుము. దేనిని కాల్చుచున్నావో, దాని వెనుక నేమున్నదో ఎఱిగి కాల్చుము. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు వేగమును గాని, శౌర్యమును గాని బోధింపలేదు. నాలుగును జాగ్రత్తనే బోధించుచున్నవి.

కూపరు మనస్సునకును నాలుగు రంగులు పూసెను. పరిసరముల ఎఱుక లేనిస్థితి తెలుపు. తొందర లేక, భయము లేక, చుట్టునున్నది గమనించుచుండుట పసుపు. ఫలానా మనుష్యుని వలన అపాయము రావచ్చునని గుర్తించుట నారింజ. పోరునకు సిద్ధపడుట ఎఱుపు. ఆయుధము ధరించినవాడు ఇల్లు విడిచినది మొదలు పసుపునందే యుండవలెను. పసుపునందున్నవాడు వీధిమొగను గుమిగూడిన తాగుబోతులను దూరమునుండియే చూచి మఱియొక వీధిని పట్టును. వాని పిస్తోలునకు పని కలుగదు. ఆ విద్యలో ఉత్తమ శిష్యుడు జీవితములో ఒక్కమారైనను ఆయుధమును తీయనివాడు.

చివరి నిమిషము, మొదటి నిమిషము

ఆయుధమును తీయవలసిన ఘడియ వచ్చినచో ధర్మమేమి? ప్రాణమునకు గాని, శరీరమునకు ఘోరమైన హానికి గాని అపాయము అప్పుడే, అచ్చటనే ఏర్పడినదని వివేకవంతుడైన మనుష్యుడు ఎవడైనను నమ్ముటకు తగిన కారణముండవలెనని స్థూలముగా ఆ దేశపు న్యాయము. డబ్బుసంచి లాగికొని పాఱిపోవువాని వీపుపై కాల్చుట ఆత్మరక్షణము కాదు. తిట్టినవానిని కాల్చుటయు కాదు. తప్పించుకొను దారియున్నచో తప్పించుకొనవలెనని కొన్ని రాష్ట్రములు విధించుచున్నవి. ఉండుటకు హక్కుగల చోట వెనుకంజ వేయ నక్కఱలేదని 2005లో ఫ్లోరిడా చట్టము చేసినది. పెక్కు రాష్ట్రములు దాని ననుసరించినవి.

ఆ ఫ్లోరిడాలోనే, 2012 ఫిబ్రవరి 26వ తేదీ రాత్రి, శాన్‌ఫర్డు పట్టణమున, తమ పేటకు కాపలా కాయు నొక పౌరుడు కారులో కూర్చుండి, ఆ దారిన పోవుచున్న పదునేడేండ్ల నల్లజాతి బాలుని అనుమానించి పోలీసులకు ఫోను చేసెను. వెంబడించుచున్నానని చెప్పగా, ఆ పని అక్కఱలేదని అవతలివారు చెప్పిరి. కొద్ది నిమిషములలో ఇరువురకును పెనుగులాట జరిగినది. కాపలాదారు నడుమున అనుమతి గల పిస్తోలు ఉండెను. బాలుని చేత ఏ ఆయుధమును లేదు. బాలుడు మరణించెను. మఱుసటి యేట జూరీవారు కాపలాదారుని నిర్దోషిగా విడిచిరి.

న్యాయస్థానము విచారించునది చివరి నిమిషమును. ధర్మము విచారించునది మొదటి నిమిషమును. నడుమున పిస్తోలు లేకుండినచో ఆతడు కారు దిగి ఆ చీకటిలోనికి నడచియుండెడివాడా? ఈ ప్రశ్నను ఏ జూరీయు అడుగలేదు. అడుగుటకు వారికి అధికారమును లేదు. ఆయుధము ధరించువాడు మాత్రము ప్రతి దినమును తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఇది లేకుండినచో ఇచ్చటికి వచ్చియుందునా?

ధరించువారందఱకును ఈ అలవాటు ఒక్క తీరున సాగుననుటయు పొరపాటు. 2016 జూలైలో మిన్నెసోటా రాష్ట్రమున కారు నాపిన పోలీసుతో, తనకడ తుపాకి కలదని ఒక నల్లజాతి యువకుడు మర్యాదగా ముందే చెప్పెను. ఆతనికి అనుమతిపత్రము కలదు. క్షణములలో ఆ పోలీసు ఆతనిని కాల్చెను. ఆ పోలీసును జూరీవారు 2017లో నిర్దోషిగా విడిచిరి. నేరమేమియు చేయనివాని నడుమున దాగిన ఆయుధమును చూచువారి కన్నులలో ఆతని రంగు కూడ కనబడును.

సీత చెప్పిన కథ

ఈ సమస్య క్రొత్తదని తలచువారు వాల్మీకి అరణ్యకాండమును ఒకమారు విప్పవలెను. రాక్షసులను సంహరింతునని దండకారణ్యపు మునులకు రాముడు మాట యిచ్చి నడచుచుండగా, సీత స్నేహముతో ఒక కథ చెప్పెను. సత్యవంతుడు, శుచి యగు తపస్వి యొకడు ఒక వనమున నుండెను. ఆతని తపమునకు విఘ్నము కలిగింపదలచి ఇంద్రుడు భటుని వేషమున వచ్చి, తన ఖడ్గమును దాచియుంచుమని ఆతనికడ న్యాసముగా విడిచిపోయెను. సొమ్ము ఒకరిది, బాధ్యత తనది. పోగొట్టుకొందునేమో యని ఆ ముని దానిని విడిచి అడుగు కదల్పకుండెను. కందమూలములకు పోయినను ఖడ్గము వెంటనే యుండెను. ఎల్లప్పుడు చేతనుండగా నుండగా, ఆతని బుద్ధి మెల్లమెల్లగా క్రౌర్యమువైపు ఒఱగినది. తపము విడిచెను, హింసకు దిగెను, తుదకు నరకమునకు పోయెను.

ఈ కథలో గమనింపవలసినది ఒకటి కలదు. ఆ ముని చెడ్డవాడు కాడు. ఖడ్గమును కోరి తెచ్చుకొన్నవాడును కాడు. ఆతడు దానిని మోసినది కర్తవ్యబుద్ధితోనే. ఒక్క దినములో మాఱినవాడును కాడు. మొదటి దినమున ఆ ఖడ్గము ఆతనికి ఎంత బరువుగా నుండెనో, ఎదురుపడిన తాపసులు తన్ను చూచి ఏమనుకొందురోయని ఎంత సిగ్గుపడెనో సీత చెప్పలేదు గాని మనము ఊహింపవచ్చును. ఆ సిగ్గు ఉన్నంతకాలము ఆతడు తపస్వియే. ఖడ్గము చేతిలో ఉన్న సంగతియే తోచని దినము వచ్చినది. ఆనాటినుండి ఖడ్గమే ఆతనిని మోసికొనిపోయినది.

రాముడు ఆమెను మెచ్చుకొనెను, కోపింపలేదు. కాని విల్లు విడువలేదు. ఆర్తుల మొఱ వినబడకుండుటకే క్షత్రియుడు విల్లు పట్టుననియు, ఆశ్రయించిన మునులకు మాట ఇచ్చితిననియు బదులు చెప్పెను. ఆది కవి ఇరువురి మాటలను అట్లే యుంచెను. సీత భయమును సత్యమే, రాముని బాధ్యతయు సత్యమే. కిలీను భోజనశాలలో తండ్రిని పోగొట్టుకొన్న కుమార్తె పలికినది రాముని పక్షము. శాన్‌ఫర్డు చీకటిలో బాలుని పోగొట్టుకొన్న తల్లిదండ్రుల దుఃఖము సీత పక్షము. ఆయుధము పట్టినవాని చెవిలో ఈ రెండు గొంతులును ఎల్లప్పుడు వినబడుచుండవలెను.

భారతమునను ఇట్టి ఘట్టమే కలదు. కర్ణుని చేత నొచ్చి, శిబిరమున పడియున్న ధర్మరాజు, గాండీవమును మఱియొకరి కిమ్మని అర్జునుని నిష్ఠురమాడెను. ఆ మాట అన్నవానిని చంపుదునని ఆతనికి పూర్వమే వ్రతము. కత్తి దూసి అన్నమీదికే నడచెను. కృష్ణుడు అడ్డుపడకున్నచో కౌరవులు చేయలేని పని తమ్ముడే చేసియుండును. బయటి శత్రువునకై పట్టిన ఆయుధము ఇంటివైపు తిరుగుటకు ఒక్క మాట చాలినది.

అమెరికా దేశపు మరణముల లెక్కలలో ఈ సత్యమే కనబడుచున్నది. 2021లో ఆ దేశమున తుపాకి గాయములచే మరణించినవారు 48,830 మంది. వారిలో 26,328 మంది తమ్ము తామే కాల్చుకొన్నవారు. సగముకంటె ఎక్కువ. దొంగకై కొన్న తుపాకి, నిరాశ కమ్మిన ఒక రాత్రి, కొన్నవానికో, ఆతని కుమారునికో చేతి కందినది. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రమున పండుగసెలవులలో అంగడికి వచ్చిన ఒక తల్లి తన చేతిసంచిలో, ఆయుధమునకై ప్రత్యేకముగా కుట్టిన అరలో, పిస్తోలు నుంచుకొనెను. ఆమెకు అనుమతి కలదు, అలవాటు కలదు. తోపుడుబండిలో సంచి ప్రక్కనే కూర్చున్న రెండేండ్ల బిడ్డ ఆ అరలోనికి చేయి పెట్టెను. తల్లి మరణించెను. సంచిలోనిది సంచితోపాటు చేయి దాటిపోవునని గురువులు హెచ్చరించునది ఇందుకే. ఒంటినున్నది ఒంటిని విడువదు. ప్రక్కన పెట్టినది ఎవరి చేతనైనను పడును.

మనవారు, ఆ దేశము

ఈ వ్యవహారము మనకు దూరమైనదనుటకు వీలులేదు. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి, పోలీసు విచారణ జరిగిన పిమ్మట అధికారి సమ్మతించినగాని లైసెన్సు దొరకదు. ఒక్కొక్కరికి మూడు తుపాకులు మించరాదన్న నియమమును 2019లో సవరించి రెండింటికి తగ్గించిరి. తెలుగు ఇంటిలో ఆయుధమన్నచో దసరానాడు పూజకు నోచుకొను కత్తిపీటయో, సుత్తియో, నాగలియో. అట్టి ఇండ్లనుండి వేలకొలది బిడ్డలు ఆ దేశమునకు పోయి యుండిరి.

2017 ఫిబ్రవరి 22వ తేదీ సాయంకాలము కాన్సాసు రాష్ట్రపు ఒలేతా పట్టణమున, పని ముగించుకొని కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను, మా దేశము విడిచిపొండని కేకలు వేయుచు ఒకడు కాల్చెను. ఒకరు మరణించిరి, ఒకరు గాయపడిరి. అచ్చటనే యున్న ఒక అమెరికా యువకుడు బల్ల క్రింద దాగి గుండ్ల చప్పుడు లెక్కించెను. అయిపోయినవని తలచి హంతకుని పట్టుకొనుటకు లేచెను. లెక్క తప్పినది. గుండు ఆతని చేతిలోనుండి దూసికొని ఛాతికి తగిలెను. ఆతడు బ్రదికెను. ఆనాడు ఆతని చేత ఆయుధము లేదు. ధైర్యము ఆయుధముతో వచ్చునదని తలచువారు ఆతనిని స్మరింపవలెను.

ఆ దినము తరువాత ఎందఱో తల్లిదండ్రుల మనస్సులలో సహజముగానే మెదలిన ప్రశ్న: మన బిడ్డయు ఒకటి కొనుట మేలు కాదా? ముందుగా చట్టము చెప్పునది తెలియవలెను. చదువునకో, తాత్కాలికోద్యోగమునకో వీసాపై పోయినవారు, వేటకు పత్రము పొందుట వంటి కొలది మినహాయింపులు తప్ప, తుపాకి కలిగియుండుటయే కేంద్రచట్టము ననుసరించి నేరము. శాశ్వతనివాసపత్రము పొందినవారికిని, పౌరులైనవారికిని ఆ నిషేధము లేదు. కావున ఈ ప్రశ్న నేడు పెక్కుమందికి ఎదురుకాకపోయినను, అచ్చటనే స్థిరపడినవారికి, వారి బిడ్డలకు ఎదురగుచున్నది. వారు ఏ నిర్ణయము చేసికొన్నను అది వారిది. కాని నిర్ణయము కొనుటతో ముగియదు. అది ప్రతి ఉదయమును మరల చేయవలసినది.

ఆ విద్యలో తలపండిన గురువులు చెప్పు మాట యొకటి ఇచ్చట స్మరింపదగినది. ఆయుధము ధరించిననాడు కోపమును ఇంటివద్ద విడిచిపెట్టి రమ్మని వారి బోధ. దారిలో ఎవడైనను కారు అడ్డము త్రిప్పి తిట్టినచో, ఆయుధము లేనివాడు నాలుగు తిట్టి ఊరుకొనవచ్చును. ఉన్నవానికి ఆ స్వేచ్ఛ లేదు. ఏలయన ఆతడు ఆరంభించిన ప్రతి తగవునందును ఒక పిస్తోలు ముందే ఉన్నది. కావున క్షమాపణ చెప్పి తొలగిపోవుట, ఓడిపోయినట్లు కనబడుట ఆతనికి విధి. లోకము దృష్టిలో బలవంతుడు కాదలచినవాడు ఆ అంగీ మాటున దేనినిని ధరింపరాదు.

సాయంకాలము ఇల్లు చేరిన ఆ గృహస్థు మొట్టమొదట చేయవలసిన పని యొకటి కలదు. గొట్టమును గోడవైపు గాక, నిరపాయమైన దిక్కునకు త్రిప్పి, గుండ్లు తీసి, గొట్టములో ఏమియు మిగులలేదని కంటితో చూచి, వ్రేలితో తడిమి, ఇనుపపెట్టెలో నుంచి తాళము వేయుట. వేయిదినములు చేసినను ఆ పనిని మొదటి దినమున వలెనే చేయవలెను. ఆ వ్రేలు తడుముట మానిననాడు, ఇంద్రుని ఖడ్గము మోసిన మునికి జరిగినదే ఆతనికిని మొదలైనదని తెలియవలెను. అంతవఱకు నడుమునకు అలవాటు, మనస్సునకు సంకోచము, ఈ రెండును కలసియుండినచో ఆతడు తాళము త్రిప్పి, చేతులు కడిగికొని, బిడ్డలకడకు పోవచ్చును.